పదకొండు పేజీల కొసరు

మా ఊళ్లో బండి దగ్గర కిలో వంకాయలు కొంటే, తూకం అయ్యాక బండివాడు ఇంకో రెండు కాయలు సంచిలో పడేసేవాడు. అది కొసరు. కొన్నవాళ్ల హక్కు. వాడు ఇవ్వకపోతే మా అమ్మ సంచి తెరిచి పట్టుకుని అక్కడే నిలబడేది. నేను పనిచేసే ఆక్లండ్ కాసినోలో కూడా పోయిన చలికాలం ముందు రూలెట్ బల్ల మీద ఒక కొసరు మొదలుపెట్టారు. తేడా ఒక్కటే. ఇక్కడ కొసరు ఇచ్చేది కొనేవాడు, పుచ్చుకునేది కొట్టువాడు.

రూలెట్ ఎప్పుడూ చూడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ముప్ఫై ఏడు గళ్లున్న చక్రం తిరుగుతుంటుంది. దాని అంచున నేను ఒక చిన్న తెల్ల బంతి వదులుతాను. అది ఏ అంకె గడిలో పడితే, ఆ అంకె మీద చిప్స్, అంటే డబ్బుకి బదులు వాడే బిళ్లలు, పెట్టినవాళ్లు గెలుస్తారు. మిగతావాళ్లు ఇంకోసారి పెడతారు. దీనికి తెలివి ఏమాత్రం అక్కర్లేదు, అందుకేనేమో తెలివైనవాళ్లే ఎక్కువగా వస్తారు. కాగితం మీద అంకెలు రాసుకుంటూ, నుదురు చిట్లించి, చక్రం మాట వింటుందన్నట్టు దానివైపు చూస్తూ కూర్చుంటారు.

ఇన్నేళ్లుగా ఆ ఆట బాగానే నడుస్తోంది. జనం పోగొట్టుకునే వేగం పైవాళ్లకి చాలలేదు కాబోలు, బల్ల మీద, ఆట నడిపే నాలాంటి డీలరుకి ఎడమవైపున కొత్తగా ఒక బాక్సు గీశారు. ఇప్పుడు పడిన అంకే మళ్లీ వెంటనే పడుతుందని పందెం. పడితే ఒకటికి ముప్ఫై. ముప్ఫై ఏడు గళ్ల చక్రానికి ముప్ఫయ్యే ఎందుకని ట్రైనింగులో ఒకమ్మాయి అడిగింది. "మిగతాది ఎంటర్‌టైన్‌మెంట్" అన్నాడు ట్రైనరు. అతను జోకు వేశాడో, నిజం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఒక్క బాక్సుకి పదకొండు పేజీల రూల్స్ రాశారు. అసలు పందెం లేకుండా కొసరు పందెం పెట్టరాదు. బంతి వదిలిన క్షణం నుంచి బాక్సు ముట్టరాదు. బాక్సు ఎడమవైపు ఉన్నందున డీలరు అక్కడ ఎడమ చేతినే వాడవలెను, చేతులు అడ్డంగా దాటించరాదు, దాటిస్తే పైన కెమెరాకి చిప్స్ కనపడవు. ఒకసారి ఇచ్చిన చిప్స్‌ని డీలరు మళ్లీ ముట్టరాదు. బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడరాదు. ఈ చివరిది పాత రూలే, బలం కోసం కొత్త దాంట్లో కూడా ఎక్కించారు.

అన్నిటికన్నా గొప్పది తొమ్మిదో రూలు. గెలిచిన చిప్స్‌ని ఆటగాడు బాక్సులోంచి తీసుకోకపోతే డీలరు రెండుసార్లు అడగాలి. అప్పటికీ తీయకపోతే ఆట కొనసాగించాలి. బంతి వదిలే సమయానికి బాక్సులో ఏముంటే అదంతా తర్వాతి పందెం కింద లెక్క. మామూలుగా పది డాలర్లకి మించి పెట్టనివ్వని బాక్సు, ఉండిపోయిన చిప్స్‌కి మాత్రం హద్దులేమీ పెట్టదు. "గెలిచిన డబ్బు ఎవడు వదిలేస్తాడు?" అని అడిగాను. "తాగినవాడు" అన్నాడు ట్రైనరు. మంచినీళ్లు తప్ప ఏమీ తాగని మనిషి కూడా వదిలేస్తాడని ఆ పదకొండు పేజీలు రాసిన లాయర్లకి తట్టలేదు. వాళ్లు మన తెలుగువాళ్లని ఎప్పుడూ చూసి ఉండరు.

నేను ఆ రూల్స్ మొత్తం బట్టీ పట్టాను. ఇంటర్ చదివిన హాస్టల్లో తెల్లారకముందే లేపి కెమిస్ట్రీ వల్లె వేయించిన పుణ్యం అది, ఇన్నేళ్లకి అక్కరకొచ్చింది. మేముండే పాపకూర పేటలో రైలెక్కి దిగేలోపు నాలుగో పేజీ, తిరిగొచ్చేటప్పుడు ఐదో పేజీ. పెదాలు కదుపుతుంటే పక్క సీటులో కూర్చున్నవాళ్లు స్తోత్రమనుకుని గౌరవంగా జరిగేవారు. పరీక్షలో నాకు నూటికి నూరు వచ్చాయి. నాతోపాటు రాసిన సమోవా దీవుల అమ్మాయికి డెబ్భై వచ్చాయి, పని మాత్రం నాకన్నా బాగా చేస్తుంది.

పరీక్ష ఎందుకంటే, ఆ కొత్త బల్లని రెండు వారాలు నలుగురం నడపాలి. తప్పు లేకుండా నడిపినవాళ్లలో ఒకరిని సూపర్‌వైజరు చేస్తారు. జీతం కొంచెం పెరుగుతుంది, సంతోషమే. కానీ నాకు కావలసింది అది కాదు. ఈ కొత్త సూపర్‌వైజరుకి శనివారం సెలవు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, శనివారం పొద్దున నెట్‌బాల్ ఆడుతుంది. రెండేళ్లలో నేను ఒక్క ఆట కూడా చూడలేదు. మా ఆయన వీడియోలు తీసి పంపిస్తాడు. వాటిలో గడ్డి, పక్కావిడ కాఫీ కప్పు, మా ఆయన వేలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. "నువ్వెప్పుడొస్తావ్ మమ్మీ?" అని పిల్ల మొదట్లో ప్రతివారం అడిగేది. అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను. అడగడం మానేసిన వారం మాత్రం స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను.

ఇక్కడ నా ఎడమ చెయ్యి గురించి కూడా చెప్పాలి. పుట్టుకతో నాది ఎడమచేతి వాటం. మా నాయనమ్మకి అది ఇంటికి పట్టిన అరిష్టంలా కనిపించింది. అన్నం ముద్ద ఎడమ చేత్తో ఎత్తితే అట్లకాడతో వేళ్ల మీద కొట్టేది. బళ్లో మేస్టారు స్కేలు నిలువుగా పట్టుకుని కొట్టేవారు, అడ్డంగా కొడితే నొప్పి తక్కువని ఆయనకి తెలుసు. పదేళ్లు వచ్చేసరికి నా ఎడమ చెయ్యి బుద్ధిగా ఒళ్లో కూర్చోవడం నేర్చుకుంది. కుడి చేత్తో రాసిన నా దస్తూరి మాత్రం ఈనాటికీ నేనే చదవలేను.

కాసినోలో చేరిన మొదటి వారం, బంతి రెండు చేతులతోనూ వదలడం నేర్పారు. నేను ఎడమ చేత్తో వదిలితే ట్రైనరు మిగతావాళ్లని పిలిచి మరీ చూపించాడు. "ఈ చెయ్యి బ్యూటిఫుల్" అన్నాడు. అప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి. ఆ చేతిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. మా వంటింట్లో దెబ్బలు తిన్న చేతికి ఇక్కడ జీతం ఇస్తామన్నారు. ఆ రోజు నుంచి ఈ ఉద్యోగాన్ని ఎవరేమన్నా నేను పట్టించుకోలేదు.

అనేవాళ్లు లేకపోలేదు. మా తెలుగు అసోసియేషన్ డైరెక్టరీకి నా ఉద్యోగం 'కాసినో డీలర్' అని రాసి పంపితే, 'హాస్పిటాలిటీ' అని అచ్చయి వచ్చింది. పిల్లల పెళ్లిళ్లకి పనికొచ్చే పుస్తకమట, అందులో అలాంటి మాటలు ఉండకూడదట. ఆ అసోసియేషన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ఉగాది ఫంక్షన్‌లో మైకు ఆయన చేతికి వెళ్తే పులిహోర చల్లారిపోవాల్సిందే. పోయిన ఉగాదికి సంస్కృతి గురించి ముప్పావుగంట మాట్లాడారు. పిల్లలు పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకుంటున్నారని, తెలుగు మర్చిపోతున్నారని, ఎడమ చేత్తో ఇచ్చిపుచ్చుకుంటున్నారని బాధపడ్డారు. వెనక వరసల్లో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను, ఆపేస్తారన్న ఆశతో.

రెండు వారాల్లో ఆఖరి రోజు, శనివారం మధ్యాహ్నం, ఆ పెద్దాయన వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నారు.

తెలిసినవాళ్లు వస్తే డీలరు చెప్పి బల్ల మారాలి. నేను సూపర్‌వైజరుని పిలిచి అడిగాను. "ఎప్పుడైనా మాట్లాడావా?" అన్నాడు. లేదన్నాను. "స్టేజీ మీద చూస్తే పరిచయం కాదు" అన్నాడు. అప్పటికి నా మీద ఒక్క తప్పు కూడా లేదు, ఇంకో మూడు గంటలు గడిస్తే శనివారాలు నావి.

పెద్దాయన ముందుగా ఫోన్లో పంచాంగం చూసుకున్నారు. శనివారం రాహుకాలం పొద్దుటే అయిపోయింది కాబట్టి ధైర్యంగా పర్సు తీశారు. నూటపదహారు డాలర్లు ఇచ్చి చిప్స్ అడిగారు. మా చిప్స్ ఐదేసి డాలర్లవి. నూటపదిహేనుకి చిప్స్ ఇచ్చి ఒక డాలరు నాణెం వెనక్కి జరిపాను. ఆయన ఆ నాణేన్ని చిప్స్ మీద బొట్టులా పెట్టుకున్నారు. బల్ల మీద నాణేలు ఉండకూడదన్నాను. అయిష్టంగానే జేబులో వేసుకున్నారు. కొత్త పందెం రూల్స్ రాసిన కరపత్రం ఒకటి ఇచ్చాను, దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నారు.

బల్ల దగ్గర ఆయన కాక ఇంకొకావిడే ఉంది, ప్రతి శనివారం వచ్చే చైనా బామ్మ. పదిహేడు పడింది. పెద్దాయన అసలు పందెం ఒకటి పెట్టి, ఇంకో పది డాలర్లు తీసి కొసరు బాక్సులో పెట్టారు. నేను బంతి వదిలాను. అది చక్రం చుట్టూ తిరిగి, రెండుసార్లు ఎగిరి, మళ్లీ పదిహేడులోనే కూర్చుంది.

బామ్మ చప్పట్లు కొట్టింది. పెద్దాయన లేచి నిలబడి ఏదో దేవుడి పేరు అనుకున్నారు. నేను గెలిచిన అంకె మీద గాజు గుర్తు పెట్టి, అసలు పందేల లెక్క తేల్చి, మూడు వందల డాలర్ల చిప్స్ దొంతరగా పేర్చి ఎడమ చేత్తో బాక్సులోకి జరిపాను. ఆయన చాచబోయిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. నా బ్యాడ్జి మీద పేరు చదివారు.

"ఏమ్మా, మన తెలుగమ్మాయివేనా?" అన్నారు.

నేను చిరునవ్వు నవ్వాను. అంతవరకూ రూల్స్ ఒప్పుకుంటాయి.

"మరి ఎడం చేత్తో ఇస్తావేంటమ్మా? లక్ష్మిని అట్లా నెడతారా ఎవరైనా? మీ ఇంట్లో పెద్దవాళ్లు నేర్పలేదా?"

నేర్పారు. అట్లకాడతో నేర్పారు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, కానీ అది తెలుగులో వచ్చింది, బల్ల దగ్గర తెలుగు మాట్లాడరాదు.

"సర్, ప్లీజ్ టేక్ యువర్ చిప్స్" అన్నాను. ఒకసారి.

"ఆ ఇంగ్లీషెందుకులే. కుడి చేత్తో ఇవ్వు, తీసుకుంటా. శుభమా అని గెలిస్తే ఇదేం పద్ధతి?"

"టేక్, టేక్!" అంది చైనా బామ్మ కంగారుగా. ఆయన ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. చేతులు కట్టుకుని, ఉగాది స్టేజీ మీద నిలబడినట్టే నిలబడ్డారు. నేను కుడి చేత్తో ఇవ్వాలంటే ఇచ్చిన చిప్స్ మళ్లీ ముట్టాలి, చేతులు దాటించాలి. ఒక్క కదలికకి రెండు తప్పులు. ఆ రెండు తప్పుల అవతల మా పిల్ల నెట్‌బాల్ ఉంది.

"సర్, ప్లీజ్ టేక్ యువర్ చిప్స్." రెండోసారి.

ఆయన పైకప్పు వైపు చూశారు. తొమ్మిదో రూలు ప్రకారం నా బాధ్యత తీరిపోయింది. బంతి ఎడమ చేతిలోకి తీసుకుని వదిలాను. అంత అందంగా నేనెప్పుడూ వదలలేదు.

అప్పుడు బామ్మ ఆగలేకపోయింది. కప్పు కింది కరపత్రం లాగి, తొమ్మిదో రూలు మీద వేలు పెట్టి ఆయన ముఖం ముందు ఊపింది. ఆయన చదివారు. ముఖం రంగు మారింది. కుడి చేతిలోకి కాఫీ కప్పు ఎప్పుడు వచ్చిందో, ఆయన గబుక్కున బాక్సు మీదికి చాచింది మాత్రం ఎడమ చెయ్యి. నా అరచెయ్యి బల్ల మీదుగా అడ్డం తిప్పి "నో మోర్ బెట్స్" అన్నాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బంతి నాలుగులో పడింది. బాక్సులో ఉన్న మూడు వందల పదీ నేను ఎడమ చేత్తోనే ఊడ్చాను. ఇవ్వడానికి వచ్చిన అభ్యంతరం పుచ్చుకోవడానికి రాలేదు.

నాకు సంతోషం కలిగింది. దాచడం ఎందుకు. నాయనమ్మ అట్లకాడకి, మేస్టారి స్కేలుకి, ముప్పావుగంట ఉపన్యాసానికి కలిపి జవాబు చెప్పినట్టు అనిపించింది. ఆ సంతోషం పాపకూర రైలెక్కేవరకూ ఉంది. తర్వాత ఒక సంగతి మనసుకి తట్టింది. తీసుకోండి అని రెండుసార్లు అడగాలని రూలు. తీసుకోకపోతే పోతాయి అని ఒక్కసారి చెప్పకూడదని ఏ రూలూ లేదు. పదకొండు పేజీలూ నాకు నోటికొచ్చు. ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పడానికి నాకు రెండు సెకన్లు పట్టేది. చెప్పాలనిపించలేదు.

పైవాళ్లు కెమెరా వీడియో చూశారు. చేతులు దాటలేదు, ఇచ్చిన చిప్స్ మళ్లీ ముట్టలేదు, రెండుసార్లు అడిగాను. ఇంత చక్కగా రూల్స్ పాటించిన డీలరుని చూడలేదన్నారు. మరుసటి నెల నుంచి సూపర్‌వైజరు ఉద్యోగం నాకే అన్నారు. పిల్లకి చెప్తే "ఫర్ రియల్?" అంది.

పెద్దాయన ఊరుకోలేదు. కాసినో తన సంస్కృతిని కించపరిచిందని రెండు పేజీల ఫిర్యాదు రాశారు. రూలెట్‌లో డబ్బు పోయిందని రాస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఆ సంగతి ఆయనకి తెలుసు. సంస్కృతి అన్న మాట చూడగానే మా ఆఫీసులో అందరూ కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. మీటింగులు పెట్టారు. బయటి నుంచి ఒకావిడని పిలిపించి సలహా తీసుకున్నారు. ఆయనకి క్షమాపణతో పాటు ఇద్దరికి సరిపడా లంచ్ కూపన్ పంపారు. చిప్స్ మాత్రం వెనక్కివ్వలేదు, వాటికి సంస్కృతితో సంబంధం లేదట.

ఆ మీటింగుల ఫలితంగా పదకొండు పేజీలు పన్నెండయ్యాయి. సాంస్కృతిక కారణాలతో ఆటగాడు కోరినచో, సూపర్‌వైజరు సమక్షంలో, కొసరు పందెం గెలుపును కుడి చేతితో అందించవచ్చును. దాన్ని డీలర్లందరికీ నేర్పాలి. ఎవరు నేర్పాలన్న ప్రశ్నే రాలేదు. కొత్త సూపర్‌వైజరు ఉంది, పైగా ఆవిడది ఆ సంస్కృతే.

కొత్త ఉద్యోగంలో మొదటి వారమంతా ఇరవై మంది డీలర్లని నిలబెట్టి కుడి చెయ్యి మర్యాద నేర్పాను. మా దగ్గర ఇవ్వడానికి, పుచ్చుకోవడానికి, తినడానికి కుడి చెయ్యే వాడతారు, ఎడమ చెయ్యి చాపితే ఎదుటివాళ్లని అవమానించినట్టు అని స్లైడ్ చూపిస్తూ చెప్పాను. స్లైడ్‌లో నమస్కారం పెడుతున్న రెండు చేతుల బొమ్మ వేశారు, ఎందుకో అడగలేదు. డెబ్భై మార్కులు వచ్చిన సమోవన్ అమ్మాయి చెయ్యెత్తింది.

"నువ్వు బంతి ఎడమ చేత్తో వదులుతావు కదా. ఇదంతా నువ్వు నమ్ముతావా?" అంది.

"ఇది రూలు" అన్నాను.

ఆ శనివారం పొద్దున నేను మొదటిసారి నెట్‌బాల్ కోర్టు పక్కన నిలబడ్డాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. మా ఆయన పక్కావిడని పరిచయం చేశాడు, ఆవిడ కాఫీ కప్పు నాకు ముందే తెలుసు. సగం ఆట అయ్యాక పిల్లలకి ఆరెంజ్ ముక్కలు పెట్టారు. మా అమ్మాయి డబ్బాలోంచి రెండు ముక్కలు తీసుకుని, ఒకటి నోట్లో పెట్టుకుని, ఇంకోటి నా కోసం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మిగతా పిల్లలకి గట్టిగా "దట్స్ మై మమ్" అని చెప్పింది. చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి.

"కుడి చేత్తో ఇవ్వాలి నాన్నా" అన్నాను.

ఆ మాట నేను అనుకుని అన్నది కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పిల్ల ఆగిపోయింది. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ వినలేదు, దాన్ని రానివ్వకూడదని పిల్ల పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ముక్క అలాగే పట్టుకుని, చెయ్యి కొంచెం కిందికి దించి నా ముఖంలోకి చూసింది.

"వై?" అంది.

పన్నెండు పేజీలూ నోటికి వచ్చిన మనిషిని. 'ఇది రూలు' అనబోయాను. మా ఆయన ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు, ఈసారి వేలు అడ్డం లేదు. విజిల్ వేస్తే పిల్ల కోర్టులోకి వెళ్లిపోవాలి. దాని చెయ్యి అప్పటికే ఇంకాస్త కిందికి దిగింది, కుడి చేతిలోకి ముక్క మార్చబోతోంది.

"వద్దు, మార్చకు. తప్పు చెప్పాను" అని నా ఎడమ చెయ్యి చాపాను.

అది ముక్క నా చేతిలో పెట్టి పరిగెత్తింది.